గీత దాటిందా? చేతికి తగిలిందా? వీడియో లేని మైదానంలో గోల్ తగాదా తేల్చే పద్ధతి

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పాఠశాలల ఫుట్‌బాల్ పోటీలకు, ఊరి టోర్నమెంట్లకు ఈల పట్టే కుర్రవాళ్లూ వ్యాయామ ఉపాధ్యాయులూ తరచుగా అడిగే ప్రశ్నలు రెండు. బంతి గీత మీదే ఉందో లోపలికి పోయిందో ఎలా తేల్చాలి? బంతి చేతికి తగిలితే ఏది తప్పు, ఏది కాదు?

టీవీలో కనిపించే వీడియో రిఫరీ మనకు లేడు. చాలా మ్యాచ్‌లకు జెండా పట్టే తటస్థులు కూడా దొరకరు. ఉన్నదల్లా రెండు కళ్లు, ఒక ఈల. నేను చూసినంతలో మన తగాదాలు ఎక్కువగా కంటిచూపు వల్ల రావు. రిఫరీ నిలబడ్డ చోటు వల్ల, తొందరపడి ఊదిన ఈల వల్ల వస్తాయి. అందుకే ఈ పద్ధతి మైదానం తయారీతో మొదలవుతుంది. ఇక్కడ చెప్పేవన్నీ 2025–26 ఆట నియమాల ప్రకారం.

1. గంట ముందు: గీత, పోస్టు, వల

గోల్ గీత, పోస్టులు, క్రాస్‌బార్ మూడింటి వెడల్పూ ఒకటే ఉండాలి, 12 సెంటీమీటర్లు మించకూడదు. ఇది అందం కోసం పెట్టిన నియమం కాదు. వెడల్పు ఒకటే అయినప్పుడు పోస్టు వెనక అంచు గీత వెనక అంచుకు సరిగ్గా పైన నిలుస్తుంది. గాలిలో ఉన్న బంతి దాటిందో లేదో చెప్పడానికి మీకున్న కొలబద్ద ఆ అంచే.

మన దగ్గర సున్నం చేత్తో పోసుకుంటూ వెళ్తారు. గీత జానెడు వెడల్పు అవుతుంది, మధ్యలో వలవైపు ఉబ్బుతుంది. ఆ ఉబ్బు మీద బంతి ఆగితే గీత మీద ఉన్నట్టా, దాటినట్టా? దీనికి మందు ముందే వేయాలి. ఒక పోస్టు వెనక అంచు నుంచి రెండో పోస్టు వెనక అంచుకు పురికొస లాగి కట్టండి. దారం దాటి వలవైపు పడిన సున్నాన్ని చీపురుతో ఊడ్పించండి. పది నిమిషాల పని.

మనకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉదయం పోసిన గీత మధ్యాహ్నానికి కనబడకపోవచ్చు. ఆ నెలల్లో ఒక బస్తా సున్నం అదనంగా ఉంచమని నిర్వాహకులకు చెప్పండి. విరామంలో రెండు గోల్ గీతలూ మళ్లీ పోయించండి. మిగతా గీతలు మసకబారినా ఆట సాగించవచ్చు, గోల్ గీత మాత్రం కనబడి తీరాలి.

వల మొత్తాన్ని చేత్తో తడుముతూ చుట్టూ నడవండి. 2013లో జర్మనీ లీగ్‌లో లేవర్కూసెన్, హోఫెన్‌హైమ్ జట్ల మ్యాచ్‌లో పోస్టు బయటికి పోయిన బంతి పక్కవల చిరుగులోంచి లోపలికి దూరింది. రిఫరీ గోల్ ఇచ్చాడు, ఫలితం కూడా అలాగే నిలిచిపోయింది. అంత పెద్ద లీగ్‌లోనే అలా జరిగితే, ఊళ్లో ఏళ్ల తరబడి ఎండకు ఎండిన నైలాను వల మాట చెప్పనక్కరలేదు.

చూసుకోవలసినవి:

- పోస్టుల మధ్య 7.32 మీటర్లు, నేల నుంచి క్రాస్‌బార్ అడుగు అంచుకు 2.44 మీటర్లు. చిన్నపిల్లల పోటీ అయితే నిర్వాహకులు చెప్పిన కొలత.
- గోల్ నేలకు గట్టిగా బిగించి ఉండాలి. మోసుకొచ్చి పెట్టిన గోల్ అయితే తప్పనిసరిగా ఊపి చూడండి. ఇది తగాదా కోసం కాదు, పిల్లల తలల కోసం.
- క్రాస్‌బార్‌కు బదులు తాడు కడితే ఒప్పుకోకండి. నియమం దాన్ని సూటిగా నిషేధించింది.
- వల అంచులు పోస్టులకూ నేలకూ ఖాళీ లేకుండా కట్టి ఉండాలి.
- మైదానం తూర్పు పడమరలుగా ఉంటే, సాయంత్రం నాలుగున్నర తర్వాత ఏ గోల్ దగ్గర ఎండ మీ కళ్లలో పడుతుందో ముందే చూసి పెట్టుకోండి.

2. జెండా పట్టేవారితో ఐదు నిమిషాలు

శిక్షణ పొందిన అసిస్టెంట్లు ఉంటే నాలుగు సంగతులు ఒప్పందం చేసుకోండి.

- స్పష్టమైన గోల్: నా కళ్లలోకి చూసి, పక్కగీత వెంట మధ్యగీత వైపు 25–30 మీటర్లు పరుగెత్తాలి.
- బంతి దాటి, మళ్లీ బయటికి వచ్చి ఆట సాగుతోంది: ముందు జెండా ఎత్తాలి, నేను చూశాక పరుగెత్తాలి.
- బంతి పూర్తిగా దాటలేదు: నేను చూసినప్పుడు చేత్తో చిన్నగా ‘లేదు’ అనాలి.
- గోల్ పడింది కానీ ఏదో తేడా ఉంది: పరుగెత్తకుండా ఉన్నచోటే నిలబడాలి. నేనే అటు వస్తాను.

నాలుగోది అన్నిటికన్నా విలువైనది. కదలకుండా నిలబడ్డ అసిస్టెంటును చూడకుండా మధ్యగీత వైపు చేయి చూపించి గోల్ ఇచ్చిన రిఫరీ తన గొయ్యి తానే తవ్వుకున్నట్టు.

జెండాలు ఆడే జట్ల మనుషుల చేతుల్లో ఉంటే వాళ్లను పక్కగీత వరకే నమ్మండి. గోల్ విషయంలో వాళ్లను అడగడం నియమానికి విరుద్ధమేమీ కాదు. అయినా నేను అడగను. అడిగితే రెండో జట్టు ఒప్పుకోదు, పైగా ఆ కుర్రవాణ్ణి సొంత జట్టు ముందు ఇరకాటంలో పెట్టినట్టవుతుంది.

3. నిలబడే చోటు

2010 ప్రపంచకప్‌లో జర్మనీ మీద ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ దూరం నుంచి కొట్టిన బంతి క్రాస్‌బార్‌కు తగిలి గీతకు చాలా లోపల పడి బయటికి ఎగిరింది. గోల్ ఇవ్వలేదు. దూరం నుంచి బంతి వచ్చినప్పుడు అసిస్టెంటు ఆఫ్‌సైడ్ వరుసలో (చివరి నుంచి రెండో డిఫెండర్‌కు సూటిగా) ఉంటాడు, గోల్ గీత వరుసలో ఉండడు. చిక్కంతా అక్కడే. కాబట్టి బంతి కాలి నుంచి బయలుదేరిన మరుక్షణం జెండా మనిషి గోల్ గీత వైపు పరుగందుకోవాలి. పూర్తిగా చేరకపోయినా పది అడుగులు దగ్గరైతే చూపు కోణం మారుతుంది.

కార్నర్ కిక్ అప్పుడు అసిస్టెంటు కార్నర్ జెండా వెనక, గోల్ గీతకు సూటిగా ఉండాలి. పెనాల్టీ అప్పుడు గోల్ గీత, పెనాల్టీ బాక్స్ గీత కలిసే మూలలో ఉండాలి. ఈ రెండు సందర్భాల్లోనూ గీత బాధ్యత అతనిదే.

మీరు ఒంటరిగా ఉంటే లెక్క మారుతుంది. కార్నర్ అప్పుడు పెనాల్టీ బాక్స్ బయట నిలబడి తోపులాట చూసే అలవాటు మానుకోండి. గోల్ గీతకు నాలుగైదు అడుగుల దగ్గర, చిన్న బాక్స్ అంచు పక్కన, దారికి అడ్డం కాకుండా నిలబడండి. గీతా తోపులాటా రెండూ కనిపిస్తాయి. బంతి బయటికి ఎగిరి అవతలివైపు దాడి మొదలైతే మీరు వెనకబడతారు, నిజమే. వెనకబడితే పరుగెత్తి అందుకోవచ్చు. చూడని గోల్‌ను మాత్రం తర్వాత చూడలేరు.

4. గీత దాటిందా: కన్ను చేసే మోసం

నియమం ఒక్క వాక్యం. పోస్టుల మధ్య, బార్ కింద, బంతి మొత్తం గీత మొత్తాన్ని దాటాలి. బంతి ఒక చిన్న అంచు గీత వెనక అంచుకు సూటిగా పైన ఉన్నా గోల్ కాదు.

చిక్కు బంతి గుండ్రంగా ఉండటం వల్ల వస్తుంది. 5వ నంబరు బంతి చుట్టుకొలత 68–70 సెంటీమీటర్లు, అంటే అడ్డంగా సుమారు 22. మన జానెడు. అది నేలను తాకేది ఒక్క బిందువు దగ్గరే, మిగతా పొట్ట గాలిలో ముందుకు పొంగి ఉంటుంది. కాబట్టి నేల మీద ఉన్న బంతి దాటాలంటే, అది నేలను తాకే చోటు గీత వెనక అంచుకు 11 సెంటీమీటర్లు, అంటే సగం జానెడు, ఇంకా వెనక ఉండాలి. గీతకూ బంతి తాకే చోటుకూ మధ్య మట్టి కనిపించినంత మాత్రాన గోల్ అయిపోదు.

2022 ప్రపంచకప్‌లో స్పెయిన్ మీద జపాన్ వేసిన రెండో గోల్ గుర్తుందా? పక్క నుంచి చూసినవాళ్లందరికీ బంతి బయటికి పోయినట్టే కనిపించింది. నిలువుగా పై నుంచి తీసిన ఫొటోలో మాత్రం బంతి అంచు గీత మీద ఉంది. అక్కడ ప్రశ్న గోల్ గీత బయటి భాగం గురించి, కానీ జ్యామితి ఒకటే.

ఇక రెండో మోసం. మీరు మైదానం లోపల నిలబడి గోల్ వైపు చూస్తుంటే, మీ కంటికన్నా కింద ఉన్న బంతి అసలు ఉన్నచోటు కన్నా కొంచెం లోపలికి పోయినట్టు కనిపిస్తుంది. వల వెనక నిలబడ్డవారికి అదే బంతి ఇంకా బయటే ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే వల వెనక జనం ‘కాదు’ అని, మైదానంలో దాడి చేసే జట్టు ‘గోల్’ అని అరుస్తారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఇద్దరికీ కనిపించింది వేరు. గీతకు సూటిగా ఉన్నవాడి చూపే చూపు. మీరు మైదానం లోపల దూరంగా ఉండి ‘అబ్బ, వెంట్రుకవాసిలో దాటింది’ అనిపిస్తే, అది దాటి ఉండకపోవడానికే ఎక్కువ అవకాశం.

దీనికి ఒక సాధన ఉంది. మేస్త్రీలు గోడ నిలువు చూసే దారం, గుండు తెచ్చుకోండి. బంతిని గీత దగ్గర ఎక్కడైనా పెట్టండి. ఒకరు మైదానం లోపల 15 మీటర్ల దూరంలో, ఒకరు వల వెనక, ఒకరు గీతకు సూటిగా పక్కన నిలబడి, గోల్ అవునో కాదో ఎవరికి వారు కాగితం మీద రాయాలి. తర్వాత మైదానం వైపున్న బంతి పొట్టను ఆనుకునేలా దారం వేలాడదీయండి. గుండు సున్నం మీద నిలిస్తే గోల్ కాదు. ఇలా 10 సార్లు చేసి కాగితాలు పోల్చుకోండి. మీ కన్ను ఎటువైపు పొరబడుతుందో ఒక్క ఆదివారంలో తెలిసిపోతుంది.

మైదానంలో పనికొచ్చే ఆనవాళ్లు:

- బార్‌కు తగిలి కిందపడిన బంతి దగ్గర సున్నం దుమ్ము లేచి, బంతి బయటికి వచ్చేస్తే గోల్ కాదు. గీతను తాకిన బంతి గీతను దాటలేదు. అయితే దుమ్ము లేవనంత మాత్రాన గోల్ అనుకోకండి, ఆ సగం జానెడు గుర్తుంచుకోండి.
- గోల్ కీపర్ ఎక్కడున్నాడన్నది అనవసరం. కాళ్లు వలలో ఉన్నా బంతి చేతుల్లో గీత మీద ఉంటే గోల్ కాదు. కాళ్లు గీతకు బయటే ఉండి, చేతులు వెనక్కి పోయి బంతి మొత్తం దాటితే గోల్.
- వల కదిలిందని గోల్ ఇవ్వకండి. పక్కవల కూడా కదులుతుంది.
- ఆటగాళ్ల ముఖాలు సాక్ష్యం కావు. చేతులెత్తి పరుగెత్తేవాడు నటించగలడు.

ఎవరూ చూడకపోతే? చూడని గోల్ లేదు. ‘అయి ఉండవచ్చు’ అన్నదానికి ఈల ఊదకూడదు.

5. గోల్ అనిపించిన క్షణం నుంచి: ఈ వరుస తప్పవద్దు

స్పష్టమైన గోల్‌కు అసలు ఈల అక్కరలేదు. అనుమానం ఉన్న గోల్‌కు ఈల తొందరపడి ఊదడం పెద్ద ప్రమాదం.

ఈ పాఠం నాకు చిత్తూరు వైపు ఒక పాఠశాల మైదానంలో, నవంబరు వానల మర్నాడు వచ్చింది. బంతి కీపర్‌ను దాటి ఖాళీ గోల్ వైపు దొర్లుతోంది. నేను ఈల ఊదేశాను. గీత ముందర బురదగుంటలో బంతి ఆగిపోయింది. రిఫరీ బంతి పూర్తిగా దాటకముందే గోల్ అని ఈల వేస్తే ఆట డ్రాప్‌ బాల్‌తో (రిఫరీ బంతిని చేతిలోంచి నేలకు వదలడంతో) మొదలుపెట్టాలి, పెనాల్టీ బాక్స్‌లో అయితే అది గోల్ కీపర్‌కే వెళ్తుంది. అలాగే చేశాను. గోల్ పోయిన జట్టుకు కోపం, గోల్ తప్పించుకున్న జట్టుకు అపనమ్మకం. తప్పు వానది కాదు, నాది.

వరుస ఇది:

1. ఈల నోటి నుంచి తీసి చేతిలో పట్టుకోండి. ఒక్క శ్వాస ఆగండి.
2. అసిస్టెంటును చూడండి. పరుగెత్తుతున్నాడా, నిలబడ్డాడా, జెండా ఎత్తాడా?
3. బంతి చివరిసారి ఎవరికి తగిలింది, ఆఫ్‌సైడ్ ఉందా, దాడి జట్టు ఫౌల్ ఏదైనా ఉందా, మనసులో ఒకసారి వెనక్కి నడవండి.
4. గోల్ కొట్టినవాడి చేయి. (6వ భాగం చూడండి.)
5. గోల్ వేసిన జట్టును లెక్కపెట్టండి. మార్పులు విచ్చలవిడిగా జరిగే ఊరి పోటీల్లో పన్నెండోవాడు లోపలే ఉండిపోవడం కొత్తేమీ కాదు. అదనపు మనిషి గోల్ వేసిన జట్టువాడైతే గోల్ రద్దు. అతను ఉన్నచోటు నుంచి అవతలి జట్టుకు డైరెక్ట్ ఫ్రీ కిక్ (నేరుగా గోల్ కొట్టగల కిక్).
6. అప్పుడు మధ్యగీత వైపు చూపించండి.
7. కిక్-ఆఫ్‌కు ఈల వేసే ముందు ఇంకొక్కసారి అసిస్టెంటు వైపు చూడండి.

ఏడో మెట్టు మీ ఆఖరి తలుపు. ఆట మళ్లీ మొదలైతే తీర్పు మార్చే హక్కు మీకు లేదు. మొదలవకముందు తప్పని తెలిస్తే మార్చడంలో నామోషీ ఏమీ లేదు. గోల్ తర్వాత సంబరాలు మీకు పనికొచ్చే సమయం. వాళ్లను త్వరగా రమ్మని తొందరపెట్టకండి, ఆలోచించుకోండి.

6. చేతికి తగిలింది: నాలుగు ప్రశ్నలు

‘హ్యాండ్ సార్, హ్యాండ్!’ అన్న కేక వినగానే ఈల వేయాలనిపిస్తుంది. చేతికి తగిలిన ప్రతి బంతీ తప్పు కాదు. నియమమే అలా చెబుతోంది. ఈ ప్రశ్నలు ఇదే వరుసలో వేసుకోండి.

మొదటిది: అది చేయేనా? చంక అడుగు భాగానికి సమానంగా ఒక గీత గీస్తే, దాని కిందిది చేయి, పైది భుజం. భుజానికి తగిలితే హ్యాండ్‌బాల్ లేదు. పొట్టిచేతుల చొక్కా అంచు హద్దు కాదు, చొక్కాలు ఒక్కొక్కటి ఒక్కో పొడవుంటాయి. సాధనలో నలుగురు ఆటగాళ్లకు చంక మట్టంలో రంగు రిబ్బను కట్టి ఎగిరి తలతో కొట్టించండి. పది నిమిషాల్లో మీ కంటికి ఆ హద్దు అలవాటవుతుంది.

రెండోది: ఆ చేయి గోల్ కొట్టినవాడిదా? అయితే పొరపాటున తగిలినా క్షమించడం లేదు. చేతి నుంచి బంతి నేరుగా గోల్‌లోకి పోయినా, చేతికి తగిలిన వెంటనే అతనే గోల్ కొట్టినా గోల్ రద్దు, అవతలి జట్టుకు డైరెక్ట్ ఫ్రీ కిక్. ‘వెంటనే’ అంటే నిజంగా వెంటనే. చేతికి తగిలాక బంతిని చాలా దూరం నడిపించుకుపోయో, నాలుగు పాసుల తర్వాతో గోల్ వేస్తే దాన్ని వెనక్కి లాగకండి.

ఇక్కడ పాత నియమం ఇంకా చాలామంది తలల్లో తిరుగుతోంది. ఒకడి చేతికి పొరపాటున తగిలి, పక్కనున్న సహచరుడి కాళ్ల దగ్గర పడి, అతను గోల్ కొడితే? 2021–22 నుంచి అది గోల్. అంతకుముందు చదువుకున్నవారు ఆ పాత పేజీ చింపేసుకోవాలి.

మూడోది: కావాలని చేశాడా? చేయి బంతి వైపు కదిలిందా, బంతి చేయి వైపు వచ్చిందా? బంతి దారిలోకి చేయి వెళ్తే తప్పు. ముఖం కాపాడుకోవడానికి చేయి అడ్డం పెట్టుకోవడం కూడా చాలాసార్లు ఇందులోకే వస్తుంది, జాలిపడి వదిలేయకండి. ఈరోజు ఈల వేయలేదని రేపు అందరూ ముఖం కాపాడుకుంటారు.

నాలుగోది: శరీరాన్ని అసహజంగా పెద్దది చేశాడా? కావాలని చేయకపోయినా ఇది తప్పే. తగాదాలన్నీ ఇక్కడే పుడతాయి, కాబట్టి కొంచెం ఆగుదాం.

కోడిని గూట్లోకి తోలేటప్పుడు మనం ఎలా నిలబడతాం? రెండు చేతులూ పక్కలకు చాచి, దారి మూసి. బంతికి ఎదురుగా డిఫెండర్ అలా నిలబడితే, బంతి వచ్చి చేతికి తగిలితే, ‘నేను కదలలేదు సార్’ అన్న మాట చెల్లదు. చేయి అక్కడ పెట్టి అతను పందెం కాశాడు.

దీనికి ఎదురు ప్రశ్న ఒకటి వేసుకోండి. బంతే లేకపోయినా, ఆ పరుగుకు, ఆ మలుపుకు, ఆ ఎగరడానికి చేయి అక్కడే ఉండేదా? ఉండేదంటే సహజం. పరుగెత్తేవాడి చేతులు ఊగుతాయి. ఎగిరేవాడి చేతులు కొంత లేస్తాయి. కిందికి జారేవాడు నేలకు ఒక చేయి ఆనిస్తాడు. ఆ ఆనించిన చేతికి బంతి తగిలితే సాధారణంగా ఆట సాగించవచ్చు. అదే జారుతున్నవాడి రెండో చేయి పైకి లేచి గాలిలో అడ్డంగా ఉంటే, అది ఆసరా కాదు, అడ్డుగోడ. చేయి భుజం కన్నా పైకి లేచి ఉంటే, అది ఆ కదలికకు తగినదేనని మిమ్మల్ని మీరు ఒప్పించుకోవడం కష్టమే అవుతుంది.

దూరం, వేగం, సొంత కాలికి తగిలి దారి మళ్లడం: వీటిలో కొన్ని ఒకప్పుడు నియమంలోనే ఉండేవి, ఇప్పుడు లేవు. తీర్పులో మాత్రం పనికొస్తాయి. రెండడుగుల దూరం నుంచి దూసుకొచ్చిన బంతికి చేయి తీసేసుకునే వ్యవధి ఉండదు. అలాగని ‘సొంత కాలికి తగిలి వచ్చింది, కాబట్టి ఎప్పుడూ తప్పు కాదు’ అనకండి. చేయి కోడి తోలే చేయి అయితే, బంతి ఎక్కడి నుంచి వచ్చినా అదే ప్రశ్న మళ్లీ వేయాలి.

తప్పు జరిగిన చోటు కూడా చూసుకోండి. గీతలు పెనాల్టీ బాక్స్‌లో భాగమే. డిఫెండర్ కాళ్లు బయట ఉండి చేయి పెనాల్టీ బాక్స్ గీత మీద బంతిని తాకితే పెనాల్టీ. కాళ్లు లోపల, చేయి బయట అయితే ఫ్రీ కిక్.

7. కార్డు ఏది?

ముందు తప్పా కాదా తేల్చండి, తర్వాత కార్డు గురించి ఆలోచించండి. మనవాళ్లలో కొందరు కార్డు ఇవ్వడానికి భయపడి పెనాల్టీయే ఎగ్గొడతారు. రెండూ వేర్వేరు ప్రశ్నలు.

- మామూలు హ్యాండ్‌బాల్: కార్డు లేదు. ప్రతి హ్యాండ్‌బాల్‌కూ పసుపు కార్డు అన్నది మైదానపు మూఢనమ్మకం.
- చేత్తో గోల్ వేయబోయాడు: గోల్ అయినా కాకపోయినా పసుపు. పొరపాటున తగిలిందైతే గోల్ రద్దు మాత్రమే.
- గోల్ ఆపబోయి చేయి పెట్టాడు, అయినా బంతి లోపలికి పోయింది: గోల్ ఇచ్చి పసుపు. అందుకే ఇలాంటప్పుడు ఒక్క క్షణం ఈల ఆపాలి. ముందే ఊదితే గోల్ పోయి పెనాల్టీ మిగులుతుంది.
- కావాలని చేత్తో గోల్‌ను గానీ స్పష్టమైన గోల్ అవకాశాన్ని గానీ ఆపాడు: ఎక్కడైనా ఎరుపు. 2010లో ఘనా మీద ఉరుగ్వే ఆటగాడు స్వారెజ్ గీత మీద చేసింది ఇదే.
- అదే పని కావాలని కాక, చేయి అసహజంగా ఉండటం వల్ల జరిగి, మీరు పెనాల్టీ ఇచ్చారు: పసుపు. 2024–25లో మారిన నియమం ఇది, అంతకుముందు ఎరుపు.
- గోల్ కీపర్ తన పెనాల్టీ బాక్స్ బయట చేయి వాడాడు: మిగతా ఆటగాళ్ల లెక్కే. బయట పట్టుకున్నాడని ఎరుపు కార్డు తనంతట తాను రాదు. స్పష్టమైన గోల్ అవకాశం పోయిందా అన్నది చూడాలి.

8. గోల్‌లా కనిపించి గోల్ కానివి

వీటిని చిన్న అట్టముక్క మీద రాసుకుని జేబులో పెట్టుకోండి.

- త్రో-ఇన్ నేరుగా అవతలి గోల్‌లోకి: గోల్ కిక్. సొంత గోల్‌లోకి: కార్నర్.
- ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ (మరొకరికి తగిలితేనే గోల్ అయ్యే కిక్, దానికి రిఫరీ చేయి పైకెత్తి ఉంచుతాడు) ఎవరికీ తగలకుండా అవతలి గోల్‌లోకి: గోల్ కిక్. కీపర్ వేలికి రాసుకున్నా గోల్. మీ చేయి ఇంకా పైకెత్తి ఉందో లేదో చూసుకోండి.
- కీపర్ చేత్తో విసిరిన బంతి నేరుగా అవతలి గోల్‌లోకి: గోల్ కిక్.
- బంతి మీకు తగిలి నేరుగా గోల్‌లోకి: డ్రాప్‌ బాల్. సిగ్గుపడి గోల్ ఇచ్చేయకండి.
- గోల్‌లోకి వెళ్తున్న బంతిని వీధికుక్కో చిన్నపిల్లవాడో ఆపేస్తే: డ్రాప్‌ బాల్. వాళ్లకు రాసుకున్నా బంతి లోపలికే పోయి, డిఫెండర్‌కు ఏ అడ్డంకీ కలగకపోతే: గోల్.

9. గుంపు మీదికి వచ్చినప్పుడు

తీర్పు చెప్పాక ఉన్నచోటే పాతుకుపోకండి. ఖాళీగా ఉన్న చోటికి నడవండి, పరుగెత్తకండి. ‘కెప్టెన్ ఒక్కడే’ అని చేత్తో చూపించండి. ఇది మ్యాచ్ మొదలవకముందే రెండు జట్లకూ చెప్పి ఉండాలి.

కెప్టెన్‌తో మూడు పొట్టి వాక్యాలు చాలు: ‘బంతి గీత మీదే ఉంది బాబూ. నేను పోస్టు పక్కనే ఉన్నాను. గోల్ కాదు.’ మీరు ఎక్కడున్నారో చెప్పడం ముఖ్యం. ‘నా తీర్పే ఆఖరు’ అంటే గొడవ పెరుగుతుంది. ఎక్కడి నుంచి చూశారో చెబితే కనీసం సగంమంది వెనక్కి తిరుగుతారు. హ్యాండ్‌బాల్ అయితే ప్రశ్న పేరు చెప్పండి: ‘చేయి చాచి ఉంది’, లేదా ‘నేలకు ఆనించిన చేయి’. మీ ఊహలేవీ కలపకండి.

ఎవరో ఒకరు ఫోను పట్టుకుని వస్తారు. ‘సార్, ఒక్కసారి చూడండి సార్.’ చూడకండి. వీడియో రిఫరీ వ్యవస్థకు అనుమతి ఉన్న పోటీల్లో తప్ప రిఫరీ వీడియో చూసి తీర్పు ఇవ్వడం నియమం ఒప్పుకోదు. పైగా అది ఒక పక్క నుంచి, ఎత్తు మీద నుంచి తీసింది. ఆ కోణం ఏమి చేస్తుందో నాలుగో భాగంలో చూశాం. ఒక జట్టు వీడియో చూశారంటే, రెండో జట్టు మూడు వీడియోలు తెస్తుంది.

మీరు తప్పు చేశారని విరామంలో మీకే తెలిసిపోయిందనుకోండి. రెండో సగంలో ఆ జట్టుకు ఒక పెనాల్టీ ఇచ్చి సరిచేయాలనే ఆలోచన వస్తుంది. అది రెండో తప్పు, దాన్ని కావాలని చేసినట్టవుతుంది.

10. రిపోర్టు

గోల్ రద్దు చేసినా, ఎరుపు కార్డు ఇచ్చినా, గొడవ జరిగినా అదే సాయంత్రం రాయండి. రాయవలసినవి: నిమిషం, అప్పటి స్కోరు, ఆటగాడి చొక్కా నంబరు, బంతి ఎక్కడ ఉంది, మీరు ఎక్కడ ఉన్నారు, అసిస్టెంటు ఏ సంకేతం ఇచ్చాడు, ఆట ఎలా మళ్లీ మొదలైంది.

‘కావాలనే’ అన్న మాట రాస్తే, అలా ఎందుకనిపించిందో పక్కనే రాయండి: ‘కుడిచేయి భుజం పైకి లేపి బంతి వైపు కదిపాడు’. ఆటగాడి స్వభావం గురించి, గత గొడవల గురించి ఒక్క ముక్క రాయకండి. తిట్లు ఉంటే అన్న మాటలు అన్నట్టే రాయండి.

ఇంటికి చేరేసరికి ఫోనులో ఎవరో ఒకరు ఆ క్షణపు వీడియో పంపి ఉంటారు. రిపోర్టు నిర్వాహకుల చేతికి ఇచ్చేవరకు దాన్ని తెరవకండి.